గోడ ఎరుపు, వరిపిండి తెలుపు

సంఘం యువతీ యువకుల శిక్షణ తరగతిలో ఒక హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం

 

ఫోన్‌లో పోస్టర్లు చేసేటప్పుడు రంగులు ఎలా కలపాలో చెప్పమని నన్ను పిలిచారు. నేను డిజైనర్‌ని కాదు. గిరిజన బాలికల హాస్టల్‌కి వార్డెన్‌ని. టీటీసీ, ఆ తర్వాత బీఈడీ చేశాను. టీటీసీలో మా చేత బోలెడన్ని చార్టులు వేయించేవారు. అప్పుడు స్కెచ్ పెన్నులు, ఇప్పుడు ఫోన్. అడ్మిషన్లు, వైద్య శిబిరం, తల్లిదండ్రుల సమావేశం, పండగ, ఏదున్నా పోస్టర్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే పని నాదే. ఈ పనిలో నేను నేర్చుకున్నది చాలావరకు ఒక తప్పు చేశాకే. ముందు ఆ తప్పు సంగతి చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఇంటర్ అడ్మిషన్లకు గడువు దగ్గర పడింది. రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని పోస్టర్ చేశాను. ఇది మన పిల్లలకు కదా, మన రంగులే ఉండాలి అనుకున్నాను. వెనక అంతా కొండ ఆకుపచ్చ, ముదురుగా. ముఖ్యమైన సంగతి, అంటే చివరి తేదీ, మన ఇంటి గోడ ఎరుపులో. చూసుకుని మురిసిపోయాను. అన్ని గూడేల గ్రూపులకూ పంపాను.

గడువు అయిపోయిన రెండో రోజున ఒక తండ్రి కూతుర్ని తీసుకుని కొండ దిగి వచ్చాడు. పదో తరగతి బాగా పాసైన పిల్ల. "తేదీ దాటిపోయిందయ్యా, పోస్టర్ పెట్టాను కదా" అన్నాను. ఆయన ఫోన్ తీసి చూపించాడు. గీతలు పడిన చిన్న ఫోన్, ఎండలో నిలబడి ఉన్నాం. "చూడండి మేడంగారూ, మాకు తేదీ ఏటీ అవుపడలేదు" అన్నాడు. నేనూ చూశాను. నాకూ అవుపడలేదు. ఆకుపచ్చ మీద ఏదో మరక ఉన్నట్టుంది, అంతే. ఆ ఏడాది ఆ పిల్ల ఇంటి దగ్గరే ఉండిపోయింది, తల్లితో జీడితోట పనికి వెళ్లింది. మరుసటి ఏడాది చేరిందిలెండి. కానీ ఆ ఒక్క ఏడాది నా పోస్టర్ తినేసింది.

ఆ రాత్రి నాకెందుకు కనిపించింది, ఆయనకెందుకు కనిపించలేదు? గది చీకటిగా ఉంది, నా ఫోన్ వెలుతురు పూర్తిగా పెట్టుకున్నాను. అంతకంటే పెద్ద కారణం, తేదీ నాకు ముందే తెలుసు. తెలిసినదాన్ని కన్ను ఎలాగైనా చదివేస్తుంది. పోస్టర్ చేసినవాడు ఆ పోస్టర్‌కి మంచి పరీక్షకుడు కాడు. ఇది రాసి పెట్టుకోండి.

సరే, అసలు పాఠంలోకి వద్దాం. ఒక చిన్న ప్రయోగం చేయండి. తడి వేలితో మీ ఫోన్ తెర మీద చుక్క నీళ్లు, ఆవగింజంత, వేసి తెల్లటి పేజీ తెరిచి చూడండి. చుక్క భూతద్దంలా పనిచేస్తుంది. లోపల తెలుపు ఉండదు. ఎర్ర, పచ్చ, నీలి చుక్కలు ఉంటాయి. తెర మీద మనం చూసే ప్రతి రంగూ ఈ మూడు దీపాలను ఎక్కువ తక్కువ చేసి వెలిగించినదే. ఒక్కో దీపానికి 0 నుంచి 255 దాకా మెట్లు. మూడూ కలిస్తే 1 కోటి 67 లక్షల పైచిలుకు రంగులు. అన్ని ఉన్నాయి కాబట్టే మనం పాడవుతున్నాం. షాపులో నాలుగు చీరలుంటే ఒకటి తీసుకుంటాం, నాలుగు వందలుంటే తల తిరుగుతుంది.

అందుకే రంగును మూడు ప్రశ్నలుగా విడగొట్టుకోవాలి. ఒకటి, ఏ రంగు? ఎరుపా, పసుపా, నీలమా? ఫోన్‌లో దీన్ని చక్రంగా చూపిస్తారు, 0 నుంచి 360 డిగ్రీలు. 0 దగ్గర ఎరుపు, 60 పసుపు, 120 ఆకుపచ్చ, 240 నీలం. రెండు, ఎంత గాఢం? పచ్చి పసుపుకొమ్ము విరిస్తే వచ్చే రంగుకీ, అదే పసుపు బూడిదలో కలిపితే వచ్చే రంగుకీ తేడా అది. మూడు, ఎంత వెలుగు? పాలలో చిటికెడు పసుపు వేస్తే లేత పసుపు. అదే పసుపు నూనెలో మాడిస్తే ముదురు. జాతి అదే, వెలుగు వేరు.

ఇక్కడ ఒక గొడవ ఉంది. టీటీసీలో మాకు ఎరుపు, పసుపు, నీలం మూల రంగులని చెప్పారు. ఎరుపుకి ఎదురు ఆకుపచ్చ అన్నారు. అది రంగులు కలిపే చక్రం. ఫోన్‌లోది దీపాల చక్రం. ఇందులో ఎరుపుకి ఎదురుగా ఉండేది నీలమూ పచ్చా కలిసిన రంగు, నెమలి మెడ రంగుకి దగ్గర. నేను పాత చక్రం పట్టుకుని మా హాస్టల్ పిల్లలతో వాదించి ఓడిపోయాను. మీరు వాదించకండి. బ్రష్ పట్టుకుంటే పాతది, ఫోన్ పట్టుకుంటే కొత్తది.

నా పోస్టర్‌కి తిరిగి వెళ్దాం. గోడ ఎరుపు అన్నాను కదా, అది ఎరుపు 128, పచ్చ 48, నీలం 32. యాప్‌లో రంగు సంఖ్య పెట్టే చోట 803020 అని కొడితే అదే వస్తుంది. వెనక ఆకుపచ్చ 40, 80, 48, అంటే 285030. ఇద్దరూ వేర్వేరు జాతులు. ఎవరైనా తేడా చెబుతారు. కానీ వెలుగు చూడండి. రెండు రంగుల మధ్య వెలుగు తేడాని కొలవడానికి ఒక లెక్క ఉంది, కాంట్రాస్ట్ నిష్పత్తి అంటారు. 1 అంటే తేడా లేదు. 21 అంటే నలుపు తెలుపు. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని ప్రపంచమంతా పాటించే మార్గదర్శకాల్లో మామూలు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3 ఉండాలి. నా ఎరుపూ నా ఆకుపచ్చా ఎంతో తెలుసా? 1.04. అంటే కంటికి రంగు తేడా ఉంది, వెలుగు తేడా దాదాపు లేదు. ఎండ పడగానే రంగు తేడా కూడా పోయింది.

ఇంకో మోసం వాట్సాప్ దగ్గర జరుగుతుంది. ఫొటో పంపేటప్పుడు సైజు తగ్గిస్తారు. మామూలుగా ఫొటోలు కుదించే పద్ధతిలో వెలుగు వివరం జాగ్రత్తగా ఉంచి, రంగు వివరం చాలావరకు పారేస్తారు. మన కన్ను వెలుగు తేడాని బాగా పడుతుంది, రంగు తేడాని అంతగా పట్టదు కాబట్టి అలా చేస్తారు. కేవలం రంగు తేడా మీదే ఆధారపడ్డ అక్షరం నాలుగు ఫార్వర్డ్‌లు దాటేసరికి అంచులు చెదిరి మసకబారిపోతుంది. తెలుగుకి ఇది మరీ కష్టం. ఇంగ్లీషు అక్షరం నిలువు గీతల మీద నిలబడుతుంది. మన అక్షరం కింద వత్తు, పైన గుడి, పక్కన సున్నా. "రాష్ట్రం"లో కింద వేలాడే వత్తులు చెరిగిపోతే ఏం మిగులుతుంది?

ఇప్పుడు గోడ దగ్గరికి రండి. సీతంపేట వైపు సవర గూడేల్లో, అవతల ఒడిశాలో సవర ఇళ్లలో గోడ బొమ్మలు చూసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. బాగుంది. ఎర్రమట్టి అలికిన గోడ. దాని మీద వరిపిండి తెలుపు. వెదురుపుల్ల చివర నలగ్గొట్టి గీస్తారు. చుట్టూ చట్రం, లోపల మనుషులు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు, ఏనుగు, నెమలి. వందల బొమ్మలుంటాయి, ఒక్కటీ కలిసిపోదు. ఎన్ని రంగులు? లెక్కకి రెండు. ఒకటి నేల, ఒకటి గొంతు. నా పోస్టర్‌లో ఆ గోడ ఎరుపు తీసుకున్నాను, దాని పక్కన ఆ తెలుపు ఎందుకుందో మాత్రం ఆలోచించలేదు. "మన రంగులు" వాడితే చాలదు. ఆ రంగులు ఒకదానితో ఒకటి ఎలా కూర్చున్నాయో అది కూడా తీసుకోవాలి.

లెక్క చేస్తాను. వరిపిండి తెలుపు అచ్చ తెలుపు కాదు, కొంచెం వెచ్చన. 245, 238, 220 అనుకోండి. ఆ గోడ ఎరుపు మీద దీని నిష్పత్తి సుమారు 7.7. కావలసింది 4.5. ఇంట్లో దీపం వెలుగులోనూ, బయట ఎండలోనూ కనబడటానికి పెద్దవాళ్లకి ఏ లెక్కా అవసరం కాలేదు. ఇంకో సంగతి. చక్రం మీద గోడ ఎరుపు 10 డిగ్రీల దగ్గర ఉంది. వరిపిండి తెలుపు 43 దగ్గర. పసుపుకొమ్ము రంగు, 224, 168, 40 తీసుకుంటే అది 42. ముగ్గురూ పక్కపక్క ఇళ్లవాళ్లు. వెలుగులో దూరం, జాతిలో చుట్టరికం. రంగులు పొత్తు కుదరడం అంటే ఎక్కువసార్లు ఇదే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ బొమ్మలు అలంకారం కోసం వేసినవి కావు. పూర్వీకుల కోసం, దేవతల కోసం, మొక్కు కోసం వేసినవి. వాటిని ఫొటో తీసి, కత్తిరించి, క్రికెట్ టోర్నమెంట్ పోస్టర్ మూలన అంటించడం నాకు నచ్చదు. గోడ రంగు తీసుకోండి, అమరిక నేర్చుకోండి. బొమ్మ కావాలంటే ఇంటివాళ్లని, పెద్దవాళ్లని అడగండి. వద్దంటే వద్దు. ఈ విషయంలో మా పిల్లలు నన్ను పాతకాలం దాన్ని అంటారు. అననివ్వండి.

పక్కన పెట్టిన రంగు పక్కనున్నదాన్ని మార్చేస్తుందని కూడా తెలుసుకోవాలి. ఫ్రాన్స్‌లో మిషెల్ యూజిన్ షెవ్రూల్ అని ఒక రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. 1786లో పుట్టి 1889 దాకా, నూటరెండేళ్లు బతికాడు. 1824లో ఆయన్ని పారిస్‌లో గోబెలాన్ అనే ప్రసిద్ధ నేత కర్మాగారంలో అద్దకం విభాగానికి అధికారిగా పెట్టారు. అక్కడ ఒక ఫిర్యాదు, నల్ల దారం నల్లగా లేదు, వెలిసిపోయినట్టుంది అని. ఆయన అద్దకం పరీక్షించాడు. రంగులో లోపమేమీ లేదు. తప్పు పక్కనున్న దారాలది. ముదురు నీలం, ఊదా దారాల పక్కన ఆ నలుపు కళ తప్పుతోంది. దాని మీద ఏళ్ల తరబడి పనిచేసి 1839లో పెద్ద పుస్తకం వేశాడు. చిత్రకారులు ఆ పుస్తకం నుంచి చాలా నేర్చుకున్నారు.

మీ అమ్మలకి షెవ్రూల్ పేరు తెలియదు, ఆయన చెప్పింది తెలుసు. చీరకి జాకెట్టు ముక్క కొనేటప్పుడు ఏం చేస్తారు? ముక్కని విడిగా చూడరు. చీర మీద వేసి, షాపు లైట్ల కింద కాదు, గుమ్మం దాటి బయట వెలుతురులోకి తెచ్చి చూస్తారు. షాపువాడు విసుక్కున్నా సరే. ఫోన్‌లో రంగు ఎంచుకునేటప్పుడు మనం ఆ గుండ్రటి చుక్కని మాత్రమే చూసి ఎంచుతాం. ముక్కని విడిగా చూడటం అంటే అదే. రంగుని ఎప్పుడూ అది ఉండబోయే చోట పెట్టి చూడండి, పక్కన ఉండబోయే రంగుతో.

ఇప్పుడు ఒక రంగుల జట్టు కడదాం. మనం తినే విస్తరి గుర్తు పెట్టుకోండి. అన్నం ఎక్కువ, కూర కొంచెం, ఊరగాయ అంచున. అందరూ చెప్పే 60, 30, 10 లెక్క ఇదే. అన్నం అంటే నేల రంగు, పోస్టర్‌లో సగం పైన. కూర అంటే అక్షరాలు, పట్టీలు. ఊరగాయ అంటే ఒకే ఒక్క చోట పెట్టే రంగు, చూపు అక్కడే పడాలి. మనవాళ్లు చేసే పోస్టర్లలో తొంభై పాళ్లు ఊరగాయే ఉంటుంది. పేరు ఎర్రగా, తేదీ పసుపుగా, స్థలం గులాబీగా, నాయకుల పేర్లు ఒక్కొక్కరికీ ఒక్కో రంగు, వాటి చుట్టూ మెరుపులు. అందరూ అరిస్తే ఎవరి మాటా వినబడదు.

నేలగా గోడ ఎరుపు పెట్టాను అనుకోండి. అక్షరాలు వరిపిండి తెలుపు. తేదీకి పసుపుకొమ్ము రంగు. గోడ ఎరుపు మీద పసుపు నిష్పత్తి సుమారు 4.1. కాబట్టి పెద్ద అక్షరాల్లో తేదీకి సరే, చిన్న అక్షరాలకు సరిపోదు. ఇదే జట్టుని తిరగేద్దాం. నేల వరిపిండి తెలుపు, అక్షరాలు గోడ ఎరుపు. ఇదీ బాగుంటుంది, ప్రింటు తీస్తే సిరా ఖర్చు కూడా తక్కువ. కానీ ఇప్పుడు తేదీని పసుపుతో రాయకండి. ఆ తెలుపు మీద ఆ పసుపు 1.9 కూడా లేదు. అప్పుడేం చేయాలి? పసుపుని అక్షరంగా కాకుండా పట్టీగా వేసి, దాని మీద తేదీ గోడ ఎరుపులో పెద్దగా రాయాలి. జట్టు అదే, పనులు మార్చాం.

కొన్ని లెక్కలు చెబుతాను, ఇవి మీరు రోజూ చేసే తప్పులు. తెలుపు మీద అచ్చ పసుపు అక్షరం 1.07. అచ్చ నీలం మీద అచ్చ ఎరుపు 2.1, పైగా కళ్లు జిగేలుమంటాయి. తెలుపు మీద అచ్చ ఎరుపు సరిగ్గా 4, చాలామందికి బాగుందనిపిస్తుంది, కానీ చిన్న అక్షరాలకు తక్కువే. పసుపు మీద నలుపు మాత్రం 19 పైన. రోడ్డు మీద హెచ్చరిక బోర్డులకి ఆ రెండూ ఊరికే వాడరు. ఈ సంఖ్యలు నేను బట్టీ పట్టలేదు. కాంట్రాస్ట్ చెకర్ అని ఫోన్‌లో వెతికితే ఉచితంగా దొరుకుతాయి. రెండు రంగుల సంఖ్యలు వేస్తే నిష్పత్తి చూపిస్తాయి.

యాప్‌లో వెలుగు అని ఉండే గీతని గుడ్డిగా నమ్మకండి. అచ్చ పసుపుకీ అచ్చ నీలానికీ ఆ గీత మీద ఒకే అంకె వస్తుంది, 50. మన కంటికి పసుపు దీపంలా ఉంటుంది, నీలం బావిలా ఉంటుంది. అందుకని నేను చేసే పరీక్ష వేరు. పోస్టర్ పూర్తయ్యాక స్క్రీన్‌షాట్ తీసి, ఫొటో ఎడిట్‌లో బ్లాక్ అండ్ వైట్ చేస్తాను. అప్పుడు తేదీ చదవగలిగితే పోస్టర్ బతికినట్టు. నా పాత పోస్టర్ని అలా చేసి చూశాను. బూడిద రంగు కాగితం మిగిలింది. దాన్ని ఇప్పటికీ ఫోన్‌లో ఉంచుకున్నాను.

ఈ పరీక్షతో ఇంకో మేలు ఉంది. ఎరుపు ఆకుపచ్చ తేడా సరిగా తెలియని వాళ్లు మన మధ్యే ఉంటారు, మగపిల్లల్లో ఎక్కువ. పుట్టుకతో వచ్చేది, చాలామందికి తమకి ఉన్నట్టే తెలియదు. హాజరు పట్టికలో వచ్చినవాళ్లు పచ్చ చుక్క, రానివాళ్లు ఎర్ర చుక్క అని పెడితే వాళ్లకి రెండూ ఒకటే. చుక్కతో పాటు టిక్కు, ఇంటూ కూడా పెట్టండి. రంగు ఒక్కటే మోసే బరువు ఏదీ ఉండకూడదు.

"మేడం, మరి మనకి రంగులంటే ఇష్టం కదా, రెండు రంగులతో ఎలా సరిపెట్టుకోం?" అని నిన్న ఒక అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్న. బంజారా వాళ్ల కుట్టుపని చూడండి. ఎరుపు, పసుపు, పచ్చ, నీలం, నారింజ, ఎన్ని రంగులు! అయినా కలహించవు. ఎందుకని? దగ్గరగా చూడండి. గుడ్డ నేల ఒకటే, ఎక్కువగా ముదురు రంగు. రంగుకీ రంగుకీ మధ్య తెల్ల దారం నడుస్తుంది. అద్దం బిళ్లలు, గవ్వలు మధ్యలో కూర్చుని ఊపిరి తీసుకోనిస్తాయి. ఒక మూల వచ్చిన పసుపు అవతలి మూలలోనూ వస్తుంది, ఒంటరిగా ఉండదు. ప్రతి ముక్కా చిన్నది. ఎక్కువ రంగులు వాడాలంటే ఆ శ్రమంతా పడాలి. మధ్యన తెల్ల గీత ఇవ్వాలి, చోటు ఇవ్వాలి, ప్రతి రంగునీ కనీసం రెండు చోట్ల రప్పించాలి. ఆ ఓపిక లేకపోతే మూడు రంగులతో ఆగండి.

చల్లటి రంగులు కావాలంటే ఆదిలాబాద్ గోండుల దండారి పండగ గుర్తు చేసుకోండి. దీపావళి రోజుల్లో గుస్సాడీ ఆడేవాళ్ల తల మీద నెమలి ఈకల కిరీటం ఉంటుంది. ఒక్క ఈక తీసుకుని కన్ను భాగం చూడండి. నడుమ ముదురు నీలం, దాని చుట్టూ నీలాకుపచ్చ, ఆ చుట్టూ రాగి గోధుమ, అంచుకి పచ్చ. మూడు నాలుగు చల్లటి చుట్టాలు, మధ్యలో ఒక వెచ్చటి అతిథి. ఇంతకంటే మంచి జట్టు ఏ యాప్ ఇస్తుంది? యాప్‌లో రెడీగా ఉండే రంగుల వరసలు వాడొద్దనను. కానీ అవి ఎక్కడివారో ఎవరికోసమో చేసినవి. ఊళ్లో మన పోస్టర్, బ్యాంకు పోస్టర్, కోచింగ్ సెంటర్ పోస్టర్ ఒకేలా ఉంటే ఎవరు ఆగి చూస్తారు?

ఫొటో నుంచి రంగు తీసే పద్ధతి చాలామందికి తెలిసే ఉంటుంది. కాన్వాలో ఫొటో పెడితే దానిలోని రంగులు పక్కన చూపిస్తుంది, అడోబీ కలర్‌లో కూడా ఫొటో ఎక్కిస్తే ఐదు రంగులు తీసిస్తుంది. రెండు జాగ్రత్తలు. మిట్టమధ్యాహ్నం ఎండలో తీసిన గోడ ఫొటోలో ఎరుపు పాలిపోతుంది, ట్యూబ్‌లైట్ కింద తీస్తే ఇంకో రంగు వస్తుంది. ఉదయం పూట నీడలో తీయండి. రెండు, ఫొటోలోంచి వచ్చిన రంగులు తరచూ అన్నీ మధ్య వెలుగులోనే ఉంటాయి, మట్టి మట్టిగా. వాటిని అలాగే వాడకండి. జాతి అలాగే ఉంచి, ఒకదాన్ని బాగా ముదురు చేయండి, ఒకదాన్ని బాగా లేత చేయండి. ఫొటో మనకి చుట్టరికం ఇస్తుంది, దూరం మనమే పెట్టాలి.

ఫ్లెక్సీ వేయించేవాళ్లకి ఒక్క మాట. ఫోన్ దీపాలతో రంగు చేస్తుంది, ప్రింటు సిరాతో చేస్తుంది. ఫోన్‌లో మెరిసే చిలకపచ్చ, నియాన్ గులాబీ ఫ్లెక్సీ మీద చప్పబడతాయి. మట్టి రంగులు పెద్దగా మోసం చేయవు. డబ్బు కట్టకముందు చిన్న ముక్క ప్రింటు తీయించి చూడండి.

ఇంకోటి, నవ్వొద్దు. మన ఊళ్లలో కొన్ని రంగులు పక్కపక్కన పెడితే పార్టీ జెండా అవుతుంది. మా హాస్టల్ వార్షికోత్సవం పోస్టర్‌కి మంచి జట్టు దొరికిందని సంబరపడి పంపితే, ఇద్దరు ఫోన్ చేసి "మేడంగారూ, ఏ పార్టీ మీటింగండి?" అని అడిగారు. ముగ్గురు భోజనానికి కూడా సిద్ధపడ్డారట. రంగు పొత్తు కుదిరినంత మాత్రాన సరిపోదు, చూసేవాడికి అది ఏం గుర్తు చేస్తుందో కూడా ఆలోచించండి. చావు కబురు పోస్టర్‌కి పెళ్లి రంగులు, పెళ్లికి చావు రంగులు వేయకుండా ఇంట్లో పెద్దవాళ్లకి ఒకసారి చూపించండి. అవ్వకి చూపిస్తే ఇంకో లాభం, అవ్వ కంటికి ఆనితే అందరికీ ఆనినట్టే.

చెప్పాల్సింది ఇంతే. ఇక పని. మీరు ఇంటి నుంచి తెచ్చుకోమన్న వస్తువులు తెచ్చారా? పాత చీర ముక్క, ఈక, పసుపుకొమ్ము, ఎండుటాకు, అడ్డాకుల విస్తరి, ఏదైనా సరే. తేని వాళ్లు బయటికెళ్లి గుప్పెడు మట్టి తెచ్చుకోండి. అందరూ ఒకే పోస్టర్ చేయాలి. విషయం, మన హాస్టల్ సీట్లకు దరఖాస్తు, చివరి తేదీ. మూడు రంగులు మాత్రమే, మీరు తెచ్చిన వస్తువులోంచి. ఇరవై నిమిషాలు ఇస్తాను. అయ్యాక బ్లాక్ అండ్ వైట్ చేసి గ్రూపులో పెట్టండి, ప్రొజెక్టర్ మీద వేద్దాం. కిటికీలు తెరిచే ఉంచుతాను. తేదీ చదివేది నేను కాదు, ముందు వరుసవాళ్లూ కాదు. చివరన గోడకి ఆనుకుని కూర్చున్న ఆ ముగ్గురు తాతయ్యలు చదువుతారు. మొదలుపెట్టండి.